ఆరో కొమ్ము

మంగళవారం పొద్దున్న ఏడింటికి అర్మెల్ రొగాసియన్ వాళ్ళ వంటింటి తలుపు మోచేత్తో తట్టింది. రెండు చేతుల్లోనూ గుడ్డ కప్పిన పళ్ళెం ఉంది మరి. లోపల రొగాసియన్ ఉతికిన చొక్కా తొడుక్కుని, గడ్డం గీసుకున్నాక సెంటు నీళ్ళు కూడా పూసుకోకుండా, గ్లాసుడు వేడినీళ్ళు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. కాఫీ లేదు, సిగరెట్టు లేదు. ఎదురుగా ఆయన భార్య ఒడిల్ వెన్న దట్టంగా రాసిన రొట్టె నములుతూ, "పెళ్ళికొడుకు ఉపవాసం ఉన్నట్టున్నావయ్యా" అని నవ్వుతోంది.

ముందురోజు సాయంత్రం పట్నం నుంచి ఫోను వచ్చింది. వైన్ రుచి చూసే కమిటీలో ఒకాయనకి జ్వరం, రేపు పొద్దున్న ఎనిమిదింటికి మీరు రావాలి అన్నారు. మడ్డి మీద చలికాలమంతా పడుకున్న వైన్, మార్చిలో సీసాల్లోకి దిగేముందు ఆ కమిటీ నాలుక దాటాలి. దాటితే సీసా మీద మస్కడే అన్న పేరు ఉంటుంది. దాటకపోతే అది ఊరూ పేరూ లేని తెల్లవైన్. ఎవరు రుచి చూస్తున్నారో ఊళ్ళో చెప్పకూడదు, ఎవరి వైన్‌ని చూస్తున్నారో చూసేవాళ్ళకి చెప్పరు. సేవ్ర్ నది ఒడ్డున నాలుగైదు ఊళ్ళకి రొగాసియన్ నాలుకంటే గురి. ఆ సంగతి అందరికంటే బాగా ఆయనకే తెలుసు.

"ఏంటమ్మా, తెల్లారగట్లే?" అన్నాడు తలుపు తీసి.

"ఫువాస్ అన్నయ్యా. ఇప్పుడే పొయ్యిలోంచి తీశాను. జనవరిలో మా ద్రాక్షతీగలు కత్తిరించిపెట్టారు కదా తొమ్మిదిమందీ, తలా ఒకటి. మొదటిది మీకే."

గుడ్డ తీసింది. ఆరు కొమ్ముల నక్షత్రంలా ఉన్న తీపిరొట్టె, పైన గుడ్డుసొన పూతతో నిగనిగలాడుతోంది. నారింజపూల నీళ్ళ వాసన వంటిల్లంతా నిండింది.

"మార్చి నెలలో ఫువాస్ ఏంటే పిల్లా? అది ద్రాక్షకోతల వంట కదా!" అంది ఒడిల్.

"కోతలప్పుడు ఎలీ మంచంలో ఉన్నాడు వదినా. పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు."

ఎలీ ఆమె భర్త. నవంబరులో పోయాడు. అప్పటినుంచీ కొట్టంలో వైన్ ఉన్న నేలతొట్టి మూత ఎత్తి చూసేదీ, రుచి చూసేదీ, చలి ఎక్కువైతే గోనెలు కప్పేదీ అర్మెల్ ఒక్కతే. కత్తిరింపుకి వెళ్ళిన తొమ్మిదిమందీ తీగలైతే కత్తిరించారు కానీ తొట్టి జోలికి పోలేదు. ఆ వైన్ అచ్చంగా ఆవిడ చేతి వైన్.

"ఒక్క కొమ్ము విరవండి అన్నయ్యా, వేడిమీద బాగుంటుంది" అంటూ అక్కడే నిలబడింది.

రుచి చూసేరోజు పొద్దున్న తీపి ముట్టకూడదు. అది పసిపిల్లాడికి కూడా తెలిసిన సంగతి. కానీ ఎందుకు తిననో చెప్పాలంటే కమిటీ సంగతి చెప్పాలి. పోనీ తర్వాత తింటానందామంటే ఆవిడ కళ్ళు ఆయన చేతిమీదే ఉన్నాయి. తెల్లవారుజామున రెండింటికి లేచి పిండి కలిపిందని ఆ కళ్ళే చెబుతున్నాయి. ఫువాసే కదా, అనుకున్నాడు రొగాసియన్. పాలపళ్ళు ఉన్నప్పటినుంచీ ప్రతి కోతలకీ ఫువాస్‌ని కొత్త వైన్‌లో ముంచుకుని తింటూనే ఉన్నాం, ఈ రెండిటికీ పుట్టింటి చుట్టరికం, ఏమవుతుంది? ఒక కొమ్ము విరిచి నోట్లో పెట్టుకున్నాడు.

"ఎలా ఉంది?"

"అచ్చం మీ అత్తగారు చేసినట్టే ఉందమ్మా."

అర్మెల్ మొహం విప్పారింది. పళ్ళెం బల్లమీద పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని, ఆ ఉత్సాహంలో ఇంకో సంగతి కూడా చెప్పేసింది. "లేబుళ్ళు అచ్చయి వచ్చాయన్నయ్యా. ఎలీ పేరు, దాని కింద నా పేరు. అల్సీద్ వచ్చి తొట్టి మొత్తం తనకే కావాలన్నాడు."

అల్సీద్ సముద్రం ఒడ్డున ఆల్చిప్పలు పెంచుతాడు. షెడ్డు ముందు నాలుగు బల్లలు వేసి, వచ్చినవాళ్ళకి డజనేసి చిప్పలు విప్పి, పక్కన చల్లటి మస్కడే పోసి ఇస్తాడు. ఇరవై ఏళ్ళుగా అది ఎలీ మస్కడేనే.

"కమిటీ ఉత్తరం రాకుండానే లేబుళ్ళు వేయించేశావా!" అంది ఒడిల్.

"వస్తుంది లే వదినా. నా వైన్ సంగతి నాకు తెలీదా? అది రాకపోతే తోట కౌలుకిచ్చేసి మా అక్క దగ్గరికి పోతాను, చూడండి" అని నవ్వుకుంటూ రెండో ఇంటికి వెళ్ళిపోయింది.

రొగాసియన్ మూడుసార్లు నోరు పుక్కిలించాడు. నాలుగోసారి కూడా పుక్కిలించి కారెక్కాడు.

కమిటీ గది బడిగదిలా ఉంటుంది. తెల్లటి బల్లగుడ్డలు, బల్లకి ముగ్గురు, పక్కన ఉమ్మడానికి రంపపుపొట్టు పోసిన బకెట్టు. సీసాలకి గోనె తొడుగులు, మెడలో అంకెల చీటీలు. రొగాసియన్ బల్ల దగ్గర పట్నం ల్యాబు నుంచి వచ్చిన ఒక సన్నటి ఆవిడా, పాత మిత్రుడు ఫుల్‌జాన్సూ ఉన్నారు. ఫుల్‌జాన్స్ వైన్ బాగా చేస్తాడు కానీ, అభిప్రాయం మాత్రం పక్కవాడి మొహంలో చూసి రాసుకుంటాడు.

మొదటి సీసా ముప్ఫై ఒకటో నంబరు. రొగాసియన్ గ్లాసు వంచి రంగు చూశాడు, ముక్కు దగ్గర తిప్పాడు. అంతవరకు బాగానే ఉంది. గుక్క తీసుకుని నోరంతా తిప్పగానే బుగ్గలు లోపలికి ముడుచుకుపోయాయి. పచ్చి ద్రాక్షగుత్తి కొరికినట్టు పులుపు. వెనక ఏమీ లేదు. చివర నాలుక మొదట్లో మందుబిళ్ళ చేదు. బకెట్టులో ఉమ్మి, పెన్సిలు తీసుకుని, "పచ్చి. లోపల ఖాళీ. చివర చేదు" అని రాశాడు. రాసింది మెల్లగా పైకి కూడా అన్నాడు. అదీ ఆయన చెడ్డ అలవాటు.

"నాకైతే బానే ఉన్నట్టుంది..." అని ఫుల్‌జాన్స్ ఇంకో గుక్క తాగాడు. "అవున్లే, నువ్వు చెప్పాక తెలుస్తోంది. ఏదో చేదుంది."

ల్యాబు ఆవిడ తలెత్తి, "నేను మంచి మార్కులు వేశానండీ. నిటారుగా ఉంది, రుచి ఎక్కడా జారలేదు, చివర ఉప్పు తగులుతోంది. ఇంకోసారి చూడండి" అంది.

"చూశానమ్మా. నలభై ఏళ్ళుగా చూస్తున్నాను" అన్నాడు రొగాసియన్. అన్నాక కొంచెం గర్వంగా కూడా అనిపించింది. ఈ మధ్య కమిటీలన్నీ మొహమాటాలకి పోతున్నాయి, నిక్కచ్చిగా ఒకడన్నా ఉండాలి కదా అనుకున్నాడు. ముగ్గురిలో ఇద్దరు కాదన్నారు. ముప్ఫై ఒకటి పడిపోయింది.

రెండో సీసా కూడా పులిసినట్టే అనిపించింది కానీ అంత కాదు. నాలుగోదానికి నోరు కుదుటపడింది. ఆ తర్వాతవన్నీ ఒకదాన్ని మించి ఒకటి. ఈ ఏడు పంట మంచిది అనుకుంటూ ఇంటికొచ్చి, మధ్యాహ్నం కంటినిండా నిద్రపోయాడు.

శుక్రవారం సాయంత్రం అర్మెల్ మళ్ళీ వచ్చింది. ఈసారి తలుపు కూడా తట్టలేదు. ఒక చేతిలో లేబులు లేని సీసా, ఇంకో చేతిలో మడత పెట్టిన కాగితం.

"పడిపోయిందన్నయ్యా" అంది.

ఒడిల్ కుర్చీ లాగి కూర్చోబెట్టింది. అర్మెల్ కూర్చుంది కానీ కోటు విప్పలేదు. కాగితం విప్పి, బడిపిల్ల పాఠం అప్పజెప్పినట్టు చదివింది. "ముప్ఫై ఒకటో నంబరు. నిరాకరించడమైనది. పచ్చి. లోపల ఖాళీ. చివర చేదు."

రొగాసియన్ చప్పున కాగితం కేసి చూశాడు. తన మాటలు. తన చేతిరాతలోంచి టైపుమిషన్లోకి పోయి, మళ్ళీ తన వంటింట్లోకే వచ్చాయి.

"పచ్చి అన్నారంటే పండకుండా కోశానా? ఎలీ చెప్పిన రోజే కోశానే. ఖాళీ అంటే మడ్డిని సరిగ్గా కలపలేదా? నాకేం తెలీడం లేదన్నయ్యా. మీరు తాగి చెప్పండి. పదిరోజుల్లోపు ఇంకోసారి చూడమని అడగొచ్చట. మీరు బాగుందంటే అడుగుతాను. బాలేదంటే సోమవారం ట్యాంకరు పిలిచి పేరులేని వైన్‌గా వదిలించుకుంటాను. ఆ కమిటీ వాళ్ళెవరో నాకు తెలీదు. మీ నాలుక తెలుసు."

సీసా బిరడా తనే లాగి, గ్లాసులో పోసింది.

రొగాసియన్ తాగాడు. వైన్ బాగుంది. బాగుండటమేమిటి, నిటారుగా, పరిశుభ్రంగా, చివర నాలుక అంచుమీద చిటికెడు ఉప్పు వదిలి పోయింది. ల్యాబు ఆవిడ ఏమందో అక్షరాలా అదే. ఇంకో గుక్క తాగాడు, ఎక్కడన్నా ఆ చేదు దొరుకుతుందేమోనని. దొరకలేదు.

బాగుందమ్మా అనెయ్యాలి. అంటే, మరి వాళ్ళెందుకలా రాశారంటుంది. వాళ్ళెవరో తెలిస్తే బాగుండునంటుంది. ఇవాళ కాకపోతే రేపైనా ఫుల్‌జాన్స్ ఎక్కడో నోరు జారతాడు. రొగాసియన్ నాలుక మొద్దుబారిపోయిందట, ఎలీ పెళ్ళాం వైన్‌నే పడగొట్టాడట అని ఊరంతా అనుకుంటుంది. ఒకవేళ నమూనా సీసాలోకి తొట్టి అడుగు నుంచి తీశారేమో. ఒకవేళ ఆ సీసాకే ఏదన్నా అయిందేమో. ఇవన్నీ నాలుగు క్షణాల్లో ఆయన బుర్రలో తిరిగాయి. మనిషి మంచివాడే, ఆ నాలుగు క్షణాల్లో మాత్రం కాదు.

"మ్... తెలీడం లేదమ్మా" అన్నాడు గ్లాసు కిందపెట్టి. "ఏదో ఉన్నట్టే ఉంది. మొదటి ఏడు కదా. వచ్చే ఏడు దగ్గరుండి చూద్దాంలే."

అర్మెల్ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది. కాగితాన్ని మొదటి మడత మీదే మళ్ళీ మడిచి కోటు జేబులో పెట్టుకుంది. "అంతేనేమో. అల్సీద్‌కి చెప్పేస్తాను. సీసా ఉంచుకోండి" అని లేచింది.

ఆవిడ వెళ్ళాక ఒడిల్ అదే గ్లాసులో ఒక గుక్క తాగింది. "బానే ఉందిగా? నాకేం తెలుస్తుందిలే" అని బిరడా బిగించి, సీసాని కిటికీ బయట చల్లగాలికి పెట్టింది.

ఆదివారం మధ్యాహ్నం ఒడిల్ రెండు డజన్ల ఆల్చిప్పలు తెచ్చింది. రొగాసియన్ ఎడమచేతికి గుడ్డ చుట్టుకుని, పొట్టికత్తితో ఒక్కొక్కటే విప్పుతున్నాడు. చిప్ప అతుకులో కత్తి దూర్చడం, మణికట్టు తిప్పడం, మూత నుంచి కండ కోయడం, నీళ్ళు ఒలక్కుండా పళ్ళెంలో పెట్టడం. పక్కన రై రొట్టె, ఉప్పు వెన్న. ఒడిల్ కిటికీ బయటి సీసా తీసి రెండు గ్లాసుల్లో పోసింది.

సముద్రపు నీళ్ళతో సహా చిప్పని నోట్లోకి వంచుకుని, దానిమీద ఒక గుక్క తాగాడు. ఇంతకంటే చక్కటి జోడీ ఈ నేలమీద లేదు. చిప్పలోని ఉప్పుని వైన్ కడుగుతోంది, వైన్‌లోని పులుపుని చిప్ప మెత్తబరుస్తోంది. అల్సీద్ ఇరవై ఏళ్ళు ఊరికే కొనలేదు. రొగాసియన్ వరసగా ఎనిమిది చిప్పలు తిన్నాడు. ప్రతి చిప్పకీ తల కొంచెం కిందికి వాలింది.

"ఏమయ్యా, చేపముల్లు గుచ్చుకున్నవాడిలా ఉన్నావు?" అంది ఒడిల్. లేచి, అలమర మీంచి గుడ్డ కప్పిన పళ్ళెం దింపింది. ఫువాస్‌లో చివరి కొమ్ము మిగిలింది. "ఎండిపోయింది. పెనం మీద వెన్నతో కాల్చాను, ఇదొక్కటీ తినేద్దూ."

రొగాసియన్ పరధ్యానంగానే తిన్నాడు. తిని, అలవాటుకొద్దీ గ్లాసులో మిగిలింది తాగాడు.

బుగ్గలు లోపలికి ముడుచుకుపోయాయి. పచ్చి. లోపల ఖాళీ. చివర చేదు.

గ్లాసు మళ్ళీ నింపుకున్నాడు. రై రొట్టె తిని, ఒక చిప్ప తిని, మళ్ళీ తాగాడు. నిటారుగా ఉంది, ఉప్పుగా ఉంది. పళ్ళెంలో రాలిన తీపి పొడి వేలితో అద్దుకుని నాకి, మళ్ళీ తాగాడు. చేదు. కోతలప్పుడు ఫువాస్ ముంచుకునేది సగం పులిసిన కొత్త వైన్‌లో. దాంట్లో ఇంకా తీపి ఉంటుంది. మార్చి నాటికి ఆ తీపంతా పోయి ఎముకలా మిగులుతుంది, తీపి తిన్న నోటికి అది చేదే. అరవై రెండేళ్ళు వచ్చాయి, ఇది తట్టలేదు. పుట్టింటి చుట్టరికమట!

"కోటు ఇలా పడెయ్" అన్నాడు.

"ఎక్కడికి?"

చెప్పాడు. మొత్తం చెప్పాడు. ఒడిల్ మేకు మీంచి కోటు లాగింది. "అయ్యో, శుక్రవారం ఎదురుగా కూర్చుంది కదయ్యా! పరిగెత్తు" అంది.

పరిగెత్తాడు. అర్మెల్ ఇంటి ముందు రెండు కార్లున్నాయి. కిటికీలోంచి ఆవిడ బావగారి గొంతు, పిల్లల గోల, పళ్ళేల చప్పుడు. వాళ్ళందరి ముందూ నేనే పడగొట్టానని చెప్పాలి. గేటు గడియ మీద చెయ్యి వేసి, కాసేపు నిలబడి, చెయ్యి తీసేశాడు. ట్యాంకరు వచ్చేది రేపు కదా, పొద్దున్నే వస్తే ఒంటరిగా ఉంటుంది అనుకున్నాడు. ఇంటికొచ్చి, ఇక తనని కమిటీకి పిలవొద్దని నాలుగు వాక్యాల ఉత్తరం రాసి పెట్టుకున్నాడు. అదైతే వెంటనే రాయగలిగాడు.

సోమవారం ఎనిమిదింటికి వెళ్ళేసరికి ట్యాంకరు కొట్టం ముందే ఉంది. ఏడింటికే వచ్చిందట. లావుపాటి గొట్టం వాకిలి మీదుగా పాకి నేలతొట్టిలోకి దిగింది. పంపు దడదడలాడుతోంది. దాని కాలొకటి పొట్టిది, కదలకుండా కింద కాగితాల కట్ట పెట్టారు. కొత్త లేబుళ్ళు. పైనున్న లేబులు మీద ఎలీ పేరు, దాని కింద అర్మెల్ పేరు, సగానికి మట్టి అంటుకుని ఉన్నాయి.

"ఆపవయ్యా! ఆపు!" అని డ్రైవరు మీద అరిచాడు.

"ఆపడానికేం మిగిలింది పెద్దాయనా? అయిపోవచ్చింది" అన్నాడు డ్రైవరు సిగరెట్టు తీయకుండానే.

"వెనక్కి పోసెయ్."

"ఎలా పోస్తాను? లోపల ఇంకో మూడూళ్ళ వైన్ ఉంది. అన్నీ కలిసిపోయాయి."

అప్పుడే గొట్టం గాలి పీల్చి గరగరమంది. అడుగున మడ్డి మాత్రం మిగిలిందన్నమాట. అర్మెల్ తొట్టి నోటి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని గొట్టం పైకి లాగుతోంది. పంపు ఆగింది.

"ఏంటన్నయ్యా?" అంది తలెత్తి.

"తప్పు వైన్‌లో లేదమ్మా. ఆ బల్ల దగ్గర కూర్చున్నది నేను. ఆ మూడు మాటలూ నావే. వైన్ బాగుంది. శుక్రవారమే తెలుసు, బాగుందని."

డ్రైవరు గొట్టం చుట్టుకుని, రసీదు చింపి గుమ్మం మీద పెట్టి, బండి తీసుకుని వెళ్ళిపోయాడు. అది రోడ్డు మలుపు తిరిగేదాకా అర్మెల్ దానికేసే చూసింది.

"శుక్రవారం తెలిసి కూడా..." అని ఆగిపోయింది.

"సిగ్గేసింది."

"నాకూ వేసింది సిగ్గు. అయినా మీ దగ్గరికొచ్చాను." "మంగళవారం మీకెందుకలా అనిపించింది? అది చెప్పండి. అంతే అడుగుతున్నాను."

జవాబు నాలుక చివరే ఉంది. ఆవిడ ముంజేతి మీద పొయ్యి తలుపు కాల్చిన గుర్తు, ఇంకా మానని ఎర్రటి గీత, ఆయనకి కనిపించింది. తొమ్మిది రొట్టెలు. తెల్లవారుజామున రెండింటికి లేవడం. ఇది చెబితే ఆ చేతులకేసి ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఎలా చూసుకుంటుంది?

"జలుబు చేసింది" అన్నాడు రొగాసియన్. "ఒప్పుకుని వెళ్ళకూడదు. వెళ్ళాను. పేరు కోసం."

అర్మెల్ రేకుపార అందుకుంది. రబ్బరు బూట్లు తొడుక్కుని, నిచ్చెన మీద తొట్టిలోకి దిగింది. ఆయన కోటు విప్పి మేకుకి తగిలించి, చొక్కా చేతులు మడుచుకుని వెనకే దిగాడు. వద్దనలేదావిడ. మోకాలి దాకా తెల్లటి మడ్డి, పులిసిన రొట్టెపిండి వాసన. ఆవిడ రేకుపారతో గీకి బకెట్టులోకి తోస్తే, ఆయన బకెట్టు నెత్తికెత్తి పైన పెట్టి వచ్చాడు. అలా పదకొండు దాకా చేశారు. అల్సీద్ ఈ ఏడు ఎవరి దగ్గర కొంటాడో, తోట కౌలు మాట ఏమయిందో అడగడానికి ఆయనకి నోరు రాలేదు.

చివరి బకెట్టు అయ్యాక అర్మెల్ నిచ్చెన మెట్టు మీద కూర్చుని, మడ్డి చేతుల్ని ఆప్రన్‌కి తుడుచుకుంది.

"మీమీద కోపం రావాలి" అంది. "రాత్రికి వస్తుందేమో. ఇప్పుడైతే సరిగ్గా రావడం లేదు. ఎందుకో తెలుసా? మంగళవారం తొమ్మిదిళ్ళకి వెళ్ళాను కదా. ఎనిమిదిళ్ళలో పళ్ళెం అందుకుని, థాంక్సమ్మా అని తలుపేసుకున్నారు. నా ఎదురుగా విరిచి తిన్నది మీరొక్కరే. ఎలీ పోయాక నా చేతివంట నా ముందు తిన్న మనిషి మీరే అన్నయ్యా."

రొగాసియన్ గోడకి మిగిలిన మడ్డిని గోటితో గీకాడు.

"తోట ఇచ్చెయ్యనులెండి. వైన్ బాగుందన్నారు కదా, అది చాలు ఇంకో ఏడాదికి" అంది అర్మెల్ లేస్తూ. "కోతలకి మళ్ళీ ఫువాస్ చేస్తాను. మొదటిది మీకే తెస్తాను. తింటారా, అప్పుడూ జలుబంటారా?"

"తే తల్లీ" అన్నాడు ఆయన, ఆమె వైపు తిరగకుండానే. "తింటాను."